తెలుగు సినిమా పెరిగిన ఇల్లు... చెన్నపట్నం!

ముందుగా ఒక చిన్న పరీక్ష!

మహేష్ బాబు ఎక్కడ పుట్టారు? ప్రభాస్? అల్లు అర్జున్? రామ్ చరణ్? రానా? వీళ్ళందరికంటే ముందు, మన నాగార్జున?

హైదరాబాదు అన్నారో, మార్కులు పోయినట్టే! నాగార్జున 1959లో, మహేష్ 1975లో, ప్రభాస్ 1979లో, అల్లు అర్జున్ 1982లో, రానా 1984లో, రామ్ చరణ్ 1985లో... అందరూ కళ్ళు తెరిచింది ఒక్క ఊళ్ళోనే. ఆ ఊరి పేరు అప్పట్లో మద్రాసు. మన తాతల నోట చెన్నపట్నం. 1996 నుంచి అధికారికంగా చెన్నై.

ఇది కాకతాళీయం కాదు సుమా! వాళ్ళ తండ్రులో, తాతలో, పెదనాన్నలో అక్కడ పని చేసేవారు. పని అంటే ఏమిటి? సినిమా! ఇప్పుడు ఫిలింనగర్, కృష్ణానగర్ అంటున్నామే, అరవై డెబ్భై ఏళ్ళ కిందట ఆ మాటలకి బదులు కోడంబాకం, వడపళని, టి.నగర్ అనేవాళ్ళు. సినిమా పిచ్చి పట్టిన కుర్రాడు ఇంట్లో చెప్పకుండా మాయమైతే అయినవాళ్ళు వెతకడానికి బయల్దేరే బండి మద్రాసు మెయిలే!

ఆ ఊరి నుంచి తెలుగువాళ్ళం రెండుసార్లు విడిపోయాం. మొదటిసారి 1953లో, రాష్ట్రం విడిపోయినప్పుడు. రెండోసారి, సినిమా మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు చేరినప్పుడు. మొదటి విడిపోవడం గురించి చరిత్ర పుస్తకాల్లో ఉంది. రెండోదాని గురించి ఎక్కడా పాఠం లేదు. ఆ పాఠం చదవాలంటే చెన్నై వీధుల్లో తిరగాలి. నేను తిరిగాను, ఒకసారి కాదు, చాలాసార్లు. ఆ ఊరు మన పేర్లని ఇంకా మోస్తూనే ఉంది. మనమే ఆ పేర్లు మర్చిపోయాం. రండి, పేట పేటా తిరిగి చూసొద్దాం!

సెంట్రల్ లో దిగగానే...

ఎర్రటి గోడలు, నడుమ గడియారపు గోపురం... 1873 నాటి సెంట్రల్ స్టేషను. పాత సినిమాల్లో హీరో పల్లెటూరి నుంచి పట్నం వచ్చాడని చెప్పాలంటే డైలాగు అక్కర్లేదు, ఈ స్టేషను ఒక్క షాటు చాలు! 2019లో దీనికి ఎం.జి.రామచంద్రన్ పేరు పెట్టారు. ఊళ్ళో అడుగుపెట్టే వాకిలికే ఒక సినిమా హీరో పేరు ఉందంటే, ఆ ఊరికి సినిమా ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా?

స్టేషనుకి దగ్గర్లోనే జార్జి టౌను. ఊరికి ఇదే మూలం. 1639లో ఈస్టిండియా కంపెనీ వాళ్ళకి కోట కట్టుకోవడానికి ఈ సముద్రపొడ్డు ఇసుక నేల ఇచ్చినవాడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడు. ఆ చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం! ఇంగ్లీషువాళ్ళకీ నాయకులకీ నడుమ దుబాసీగా నిలిచి మాట్లాడిన బేరి తిమ్మన్న కూడా తెలుగువాడే. అంటే 1996లో ఊరికి తిరిగి పెట్టిన పేరు ఒక తెలుగు పాలకుడిది. ఆ కోట పేరు సెయింట్ జార్జి కోట. లోపల 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చి ఇంకా చెక్కుచెదరకుండా ఉంది.

కోట ముందు నుంచి ఉత్తరంగా నడిస్తే తంబుచెట్టి వీధి, లింగిచెట్టి వీధి, గోవిందప్ప నాయకన్ వీధి... సైకిలు కూడా సరిగ్గా తిరగని సందుల్లో లక్షల బేరాలు. కాగితాలు, ఇనుము, పసుపు, గాజులు, ఏది కావాలన్నా టోకున దొరికే చోటు. 1854లో వావిళ్ళ వారి ముద్రణాలయం మొదలైంది చెన్నపట్నంలోనే. 1914లో ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడిందీ ఇక్కడే. మన పురాణాలూ, ప్రబంధాలూ అచ్చయి బండెక్కి మన ఊళ్ళకి వచ్చింది ఈ ఊరి నుంచే. పుస్తకం తరవాత సినిమా అదే దారి పట్టింది, అంతే!

ఎందుకు పట్టిందంటారా? మాటల సినిమా వచ్చేనాటికి కోస్తా, రాయలసీమ జిల్లాలకి రాజధాని మద్రాసే. పెట్టుబడి పెట్టే షావుకార్లు, విదేశాల నుంచి ముడి ఫిల్ము దిగే ఓడరేవు, కరెంటు, లాబొరేటరీలు... అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) తయారైంది బొంబాయిలో. నిజమే! పురుడు బొంబాయిలో పోసినా, ఉగ్గుపాలు పట్టి, నడక నేర్పి, పెళ్ళీడుదాకా పెంచింది మద్రాసే.

మౌంటు రోడ్డు మీద మొదటి బొమ్మ

ఇప్పుడు అన్నా శాలై అంటారు. పాతవాళ్ళకి మాత్రం మౌంటు రోడ్డే. ఇక్కడ తల ఎత్తి చూడాల్సింది ఎల్.ఐ.సి. భవనం. పద్నాలుగు అంతస్తులు. 1959లో తెరిచినప్పుడు దేశమంతా నోరు వెళ్ళబెట్టి చూసింది. ఇప్పుడు చుట్టూ అంతకన్నా ఎత్తయినవి బోలెడు. అయినా పాత సినిమాల్లో సెంట్రల్ స్టేషను తరవాతి షాటు ఇదే!

తల దించి చూడాల్సింది ఇంకొకటుంది. మౌంటు రోడ్డు పోస్టాఫీసు ఆవరణలో ఒక పాత కట్టడం. ఇప్పుడు తపాలాబిళ్ళలు సేకరించేవాళ్ళు వెళ్ళే ఫిలాటెలిక్ బ్యూరో. 1913లో అది 'ఎలక్ట్రిక్ థియేటర్'. వార్విక్ మేజర్ అనే తెల్లదొర కట్టించిన సినిమా హాలు. నూరేళ్ళు దాటిన ఆ గోడల మధ్య నిలబడితే ఒళ్ళు ఝల్లుమంటుంది. ఆ వరసలోనే 1914లో 'గెయిటీ' వచ్చింది. ఈ ఊళ్ళో ఒక భారతీయుడు కట్టించిన మొదటి సినిమా హాలు అదే. ఆ భారతీయుడు ఎవరు? మచిలీపట్నం నుంచి వచ్చి ఫొటో స్టూడియో పెట్టుకున్న రఘుపతి వెంకయ్య నాయుడు గారు! ఊరూరా తిరిగి బొమ్మలు చూపించి, ఆ తరవాత గెయిటీ, క్రౌన్, గ్లోబ్ అని మూడు హాళ్ళు కట్టించి, కొడుకు ప్రకాశ్ ని విదేశాలకి పంపి పని నేర్పించి, 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీ తీయించిన మనిషి. ప్రకాశ్ గారి దగ్గర పని నేర్చుకున్నవారిలో మన సి.పుల్లయ్య గారూ ఒకరు. వెంకయ్య గారు 1941లో పోయారు. ఇవాళ పెద్ద పెద్దవాళ్ళు మెడలో వేసుకుంటున్న రఘుపతి వెంకయ్య అవార్డు ఆయన పేరుదే. గెయిటీ మాత్రం లేదు. కొట్టేశారు.

ఇంకా ముందుకెళ్తే జెమిని ఫ్లైఓవరు. 1973లో కట్టారు. దానికి అన్నాదురై గారి పేరు పెట్టారు గాని ఆటోవాడితో 'అన్నా ఫ్లైఓవర్' అని చెప్పి చూడండి, ఒక్క క్షణం ఆలోచించి "జెమినియా సార్?" అంటాడు. పక్కనే ఉండేది ఎస్.ఎస్.వాసన్ గారి జెమిని స్టూడియో. ఢంకాల మీద నాట్యంతో దేశాన్ని ఊపేసిన 'చంద్రలేఖ' (1948) అక్కడిదే. అంతకంటే ముందు మన కాంచనమాల 'బాలనాగమ్మ' (1942) కూడా ఆ సంస్థదే! ఇప్పుడు ఆ స్థలంలో పెద్ద హోటలు ఉంది. స్టూడియో పోయింది, పేరు మాత్రం ఊరివాళ్ళ నాలుక మీద నిలిచిపోయింది.

మైలాపూరు, మెరీనా

మైలాపూరు అంటే కపాలీశ్వరుడి గుడి, చుట్టూ నాలుగు మాడవీధులు, పూలు, ఇత్తడి సామాను, డిగ్రీ కాఫీ. అక్కణ్ణించి కాస్త నడిస్తే లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కు. ఆంధ్రపత్రిక పెట్టిన, అమృతాంజనం కనిపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరది. సాయంత్రం అక్కడ నడిచే వందల మందిలో ఆ పేరు ఎవరిదో ఎందరికి తెలుసో!

రాయపేట హైరోడ్డు మీద ఒక ఇల్లుంది. అందులో అడుగుపెట్టినప్పుడు మాత్రం చెప్పులు విప్పాలనిపిస్తుంది. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు గారు ఆమరణ దీక్షకి కూర్చున్న ఇల్లు. బులుసు సాంబమూర్తి గారిది. 58 రోజులు. డిసెంబరు 15న ప్రాణం పోయింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది... మద్రాసు లేకుండా! శ్రీరాములు గారు 1901లో పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే, జార్జి టౌనులో. పుట్టిందీ, రాష్ట్రం కోసం ప్రాణమిచ్చిందీ ఒకే ఊళ్ళో. ఆ ఊరు మాత్రం ఆ రాష్ట్రంలో చేరలేదు. ఏ కథకుడు రాస్తాడండీ ఇలాంటి ముగింపు? ఆ ఇల్లు ఇప్పుడు స్మారక భవనం. మెరీనాకి వెళ్ళే దారిలో పది నిముషాలు ఆగితే మన సొమ్మేం పోదు.

డిసెంబరులో వెళ్తే ఇంకో విడ్డూరం చూడొచ్చు. అది సంగీతాల సీజను. 1928లో మొదలైన మ్యూజిక్ అకాడమీ దగ్గర్నుంచి చిన్న చిన్న సభల దాకా పొద్దున్నుంచి రాత్రి దాకా కచేరీలే. పాడేది తమిళులు, వినేది తమిళులు, మరి పాట? సగానికి సగం తెలుగు! త్యాగయ్య గారి చలవ. కచేరీ సంగతి అలా ఉంచి, సభ క్యాంటీన్లో టిఫిను కోసం వెళ్ళేవాళ్ళు కూడా తక్కువేం కాదు లెండి. నాట్యం కావాలా? వెంపటి చినసత్యం గారు కూచిపూడి అకాడమీ పెట్టింది 1963లో, ఈ ఊళ్ళోనే. 'శంకరాభరణం' (1980) మంజుభార్గవి ఆయన శిష్యురాలే.

ఇక మెరీనా! కొలంబో దాకా కనిపిస్తుందేమో అనిపించే సముద్రం. శ్రామిక విజయం శిల్పం (1959), లైట్ హౌసు, అన్నా సమాధి, ఎం.జి.ఆర్. సమాధి, తరవాత జయలలిత, కరుణానిధి. నలుగురూ ముఖ్యమంత్రులే, నలుగురికీ సినిమాతో చుట్టరికమే! ఒకరిద్దరు కలం పట్టారు, మిగతావాళ్ళు రంగు పూసుకున్నారు. జయలలిత మన 'మనుషులు మమతలు' (1965) నాయిక అని మీకు గుర్తు చేయాలా? చీకటి పడేవేళ ఇసుకలో కూర్చుని, కొబ్బరి, మామిడి ముక్కలు కలిపిన బఠాణీ సుండలు కాగితం పొట్లంలో తింటుంటే... అబ్బ, ఆ రుచి అక్కడే!

టి.నగర్: తారలు కాపురమున్న వీధులు

టి.నగర్ అంటే త్యాగరాయ నగర్. వాగ్గేయకారుడు త్యాగయ్య గారి పేరనుకునేవాళ్ళు చాలామంది. కాదు! జస్టిస్ పార్టీ నాయకుడు సర్ పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరు. నడుమ ఉన్న పానగల్ పార్కు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాష్ట్రానికి ప్రధాని అయిన పానగల్ రాజా రామరాయణింగారిది. జి.ఎన్.చెట్టి రోడ్డు గోపతి నారాయణస్వామి చెట్టి గారిది. ఒకప్పుడు ఇక్కడ పెద్ద చెరువు ఉండేది. 1920లలో దాన్ని పూడ్చి పేట కట్టారు.

ఆ పూడ్చిన చెరువు మీద మన తారాలోకం దిగింది! ఎన్.టి.రామారావు గారిది బజుల్లా రోడ్డు. ఘంటసాల గారిది ఉస్మాన్ రోడ్డు. సావిత్రి గారిది హబీబుల్లా రోడ్డు. తిరుపతి వెంకన్నని చూసుకుని, గుండుతోనే బస్సెక్కి, తెల్లారేసరికి బజుల్లా రోడ్డులో దిగేవారట మన జనం. కొండ మీద రాముడో కృష్ణుడో కనిపించడు గదా, ఇక్కడ కనిపిస్తాడు! మేడ మీంచో వాకిట్లోంచో రామారావు గారు చేతులు జోడించేవారు. యాత్ర బస్సుల వాళ్ళు దాన్ని కూడా టిక్కెట్టులో కలిపేసేవారు! తరవాత 1982లో ఆయన పార్టీ పెట్టినప్పుడు అంతా ఆశ్చర్యపోయారు. ఆ వాకిట్లో నిలబడ్డవాళ్ళు మాత్రం ఆశ్చర్యపోయి ఉండరు.

మీరు 'మహానటి' (2018) చూశారు గదా! అందులో కీర్తి సురేశ్ ఏడిస్తే మీరూ ఏడ్చారు. ఆ వైభవమూ, ఆ దుఃఖమూ రెండూ జరిగిన వీధి హబీబుల్లా రోడ్డు. ఇప్పుడు అక్కడ అపార్ట్ మెంట్లు, ఆఫీసులు. ఒక చెట్టు కింద ఇస్త్రీ బండి. నేను ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. సావిత్రి గారు ఇక్కడ ఉండేవారు అని చెప్పే పలక ఒక్కటీ నా కంట పడలేదు.

పాండీ బజారు గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. ఒకప్పుడు వేషాల కోసం వచ్చినవాళ్ళు, పాటలు రాద్దామని వచ్చినవాళ్ళు, జేబులో ఉన్న డబ్బులు లెక్క పెట్టుకుంటూ ఈ బజార్లోనూ పానగల్ పార్కు బెంచీల మీదా పొద్దు పుచ్చేవారు. కంపెనీ కారు ఏదైనా ఆగుతుందేమో, మేనేజరు ఎవరైనా పిలుస్తాడేమోనని! 2019లో పాండీ బజారుని నడిచేవాళ్ళ కోసం వెడల్పు కాలిబాటలతో ముస్తాబు చేశారు. హాయిగా నడవచ్చు. చీరల కొట్లు, బంగారం కొట్లు, రంగనాథన్ వీధిలో తోపులాట... మీ ఇంట్లో ఆడవాళ్ళని వెంటబెట్టుకెళ్తే పర్సు భద్రం!

జి.ఎన్.చెట్టి రోడ్డులో ఒక కొత్త గుడి. తిరుపతి దేవస్థానం వాళ్ళు కట్టిన పద్మావతి అమ్మవారి ఆలయం. 2023 మార్చిలో కుంభాభిషేకం జరిగింది. ఆ స్థలం ఇచ్చింది ఎవరనుకున్నారు? నిన్నటి తరం నాయిక కాంచన గారు! కోట్ల విలువైన నేల, దేవుడికి రాసిచ్చేశారు. తార అన్న మాటకి అర్థం వెండితెర మీద మాత్రమే ఉండదు మరి. దగ్గర్లోని నుంగంబాకంలో బాలు గారు కాపురమున్న కామ్ దార్ నగర్ వీధికి ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం పేరు పెట్టాలని తమిళనాడు ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. మన గాయకుడికి వాళ్ళు వీధినిచ్చారు. మనసు గల ఊరు!

కోడంబాకం వంతెన దిగితే...

వంతెన కట్టకముందు అక్కడ రైల్వే గేటు. గేటు పడిందంటే స్టూడియోలకి వెళ్ళే కార్లన్నీ ఆగాల్సిందే. గేటు పడాలని కోరుకున్న జనం ప్రపంచంలో ఇంకెక్కడా ఉండరు! ఎందుకంటారా? ఆగిన కార్లలోకి తొంగి చూస్తే శివాజీ గణేశనో, నాగేశ్వరరావో, పద్మినో కనిపించవచ్చు గదా!

అక్కణ్ణించి ఆర్కాటు రోడ్డు. వడపళని మురుగన్ గుడి దాటి వస్తే, ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదని పేరుపడ్డ విజయా వాహినీ స్టూడియో. బి.ఎన్.రెడ్డి గారూ, మూలా నారాయణస్వామి గారూ మొదలుపెట్టిన వాహినీ, నాగిరెడ్డి, చక్రపాణి గార్ల చేతుల్లో కల్పవృక్షమైంది. 'పాతాళ భైరవి' (1951), 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957), 'గుండమ్మ కథ' (1962)... ఆ వెన్నెల నిజం వెన్నెల కాదు. ఫ్లోరులో లైట్లతో మార్కస్ బార్ట్లీ అనే కెమెరామాన్ కురిపించిన వెన్నెల! ఆ ద్వారక నిజం నగరం కాదు. గోఖలే, కళాధర్ గార్లు గీసి కట్టించిన సెట్టు.

అప్పటి పనితీరు ఒక ముక్కలో చెప్తాను. ఒకే సెట్టు, రెండు భాషలు! 'మిస్సమ్మ' తెలుగులో, 'మిస్సియమ్మ' తమిళంలో. 'మాయాబజార్' కూడా అంతే. కొందరు నటులు రెంటిలోనూ ఉంటారు, కొందరు మారతారు. సాంకేతిక నిపుణులు మాత్రం వాళ్ళే. తమిళ కెమెరామాన్, తెలుగు డైరెక్టరు, మలయాళీ మేకప్ మాన్, కన్నడ డాన్సరు ఒకే క్యాంటీన్లో ఇడ్లీ తినేవారు. ఇప్పుడు 'పాన్ ఇండియా' అని కొత్త పేరు పెట్టుకున్నాం. అప్పట్లో దానికి పేరు లేదు, ఆర్కాటు రోడ్డు అనేవారు! ఆ వాహినీలోనే సౌండు రికార్డింగు విభాగంలో కూర్చుని చెవులతో సినిమా నేర్చుకున్న కుర్రాడు తరవాత కె.విశ్వనాథ్ అయ్యారు.

ఆ ఆవరణలోని ప్రెస్సు నుంచే 'చందమామ' దేశంలోని అన్ని మూలలకీ వెళ్ళేది. ఇప్పుడు వాహినీ చోట ఏముంది? విజయా ఆసుపత్రి, కల్యాణ మండపాలు, 2013లో తెరిచిన పెద్ద మాల్. పేర్లలో 'విజయ' ఇంకా ఉంది. మాల్ పై అంతస్తులో పలాజో అనే సినిమా హాలు. ఘటోత్కచుడు పెళ్ళి వంటకం మింగేసిన చోటికి దగ్గర్లో కుర్రకారు పాప్ కార్న్ మింగుతున్నారు. సినిమా తీసిన చోట సినిమా చూస్తున్నారు. సంతోషించాలో బాధపడాలో నాకైతే ఇప్పటికీ తెలీదు.

అదే రోడ్డు మీద గేటు దగ్గర గుండ్రంగా భూగోళం గుర్తు కనిపిస్తే అది ఏ.వి.ఎం. మన 'జీవితం' (1950), 'భూకైలాస్' (1958), 'భక్త ప్రహ్లాద' (1967) అక్కడివే. 2023లో అక్కడ ఒక మ్యూజియం తెరిచారు. పాత కెమెరాలు, ఎడిటింగు యంత్రాలు, సినిమాల్లో వాడిన కార్లు అన్నీ చూడొచ్చు. ఇంకాస్త లోపలికి, సాలిగ్రామంలో, ఎల్.వి.ప్రసాద్ గారి ప్రసాద్ స్టూడియో, భానుమతి గారి భరణి స్టూడియో. ఏలూరు దగ్గర పల్లె నుంచి బొంబాయి వెళ్ళి 'ఆలం ఆరా' (1931)లో చిన్న వేషం వేసిన ప్రసాద్ గారికి 1982లో ఫాల్కే అవార్డు. అంతకుముందు 1974లో బి.ఎన్.రెడ్డి గారికి, తరవాత 1986లో నాగిరెడ్డి గారికి. నాలుగైదు కిలోమీటర్ల రోడ్డు, మూడు ఫాల్కేలు!

కోడంబాకం ఇప్పటికీ మూగబోలేదు. 'రోజా' (1992)తో మొదలైన రెహ్మాన్ గారి స్టూడియో అక్కడే. మన దేవిశ్రీ ప్రసాద్ మాండొలిన్ నేర్చుకున్నది, పాలకొల్లు నుంచి వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డ మాండొలిన్ శ్రీనివాస్ గారి దగ్గర. 'నాటు నాటు'కి 2023లో ఆస్కారు తెచ్చిన కీరవాణి గారు చక్రవర్తి గారి దగ్గర శిష్యరికం మొదలుపెట్టింది కూడా ఇక్కడే.

వెళ్ళినవాళ్ళు, మిగిలినవాళ్ళు

మరి ఇంతటి ఇల్లు వదిలి ఎందుకు వచ్చేశారు? రాష్ట్రం మనది, రాజధాని హైదరాబాదు, మన డబ్బు మన దగ్గరే ఉండాలన్నది ఒక కారణం. ప్రభుత్వం రాయితీలిచ్చింది, స్థలాలిచ్చింది. నాగేశ్వరరావు గారు అందరికంటే ముందు మకాం మార్చారు. 1976లో అన్నపూర్ణా స్టూడియో, అదే రోజుల్లో రామారావు గారి స్టూడియో, తరవాత పద్మాలయా, రామానాయుడు, 1996లో రామోజీ ఫిలిం సిటీ. 1990లు వచ్చేసరికి మద్రాసు ఆఫీసులకి తాళాలు పడ్డాయి. తప్పు కాదు. పిల్ల ఎప్పటికైనా తన ఇంటికి పోవాల్సిందే.

కాని ఇల్లు మారినప్పుడు సామాన్లన్నీ లారీలో పట్టవు గదా! సాలిగ్రామంలో ఒక టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన కలిశారు. పేరు రాయొద్దన్నారు. పశ్చిమ గోదావరి జిల్లా నుంచి పదిహేడో ఏట వచ్చి లైట్ మాన్ అయ్యారు. ఫ్లోరు పైకప్పు కింద కట్టిన చెక్కల మీద, పక్కనే మండే పెద్ద లైటుతో, షాటు ఓకే అయ్యేదాకా కదలకుండా నిలబడిన మనిషి.

"బాబాయ్ గారూ, మీరెందుకు హైదరాబాదు వెళ్ళలేదు?" అని అడిగాను.

"వెళ్ళాలనే అనుకున్నాను బాబూ. పిల్లలు ఇక్కడి అరవ బళ్ళో చదువుతున్నారు. నా యూనియన్ కార్డు ఇక్కడిది. అక్కడికి పోతే మళ్ళీ మొదట్నుంచీ కొత్తవాణ్ణే. నలభై ఏళ్ళొచ్చాక కొత్తవాణ్ణి ఎవరు పెట్టుకుంటారు?" అన్నారు. తరవాత తమిళ సినిమాలకి పనిచేశారు. ఇప్పుడు మనవలు తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఆయన మాత్రం టీవీలో పాత సినిమా వస్తే మొహాలు చూడరట. "ఆ మొహమ్మీద పడ్డ వెలుగు చూస్తాను బాబూ. అది నాదేనేమోనని!" అన్నారు.

నాకు ఆ మాట ఇంకా చెవుల్లో ఉంది. హీరోలు వచ్చేశారు, దర్శకులు వచ్చేశారు. లైట్ మాన్లు, జూనియర్ ఆర్టిస్టులు, దర్జీలు, సెట్టు మేస్త్రీలు... వాళ్ళలో ఎందరో సాలిగ్రామం, విరుగంబాకం, వలసరవాకం సందుల్లో ఉండిపోయారు. అరవైలు, డెబ్భైల నాటి ఫ్లోరు ఎలా పనిచేసేదో తెలిసిన చివరి తరం వాళ్ళు. స్టూడియో గోడ కూలితే ఫొటోలైనా ఉంటాయి. వీళ్ళ జ్ఞాపకాలు ఎవరూ రాసుకోకపోతే అవి వీళ్ళతోనే పోతాయి. ఒక ఫోను తీసి, పక్కన కూర్చుని, రికార్డింగు నొక్కితే చాలు. వీధుల సంగతి ఆగినా ఆగుతుంది, ఇది ఆగదు.

ఒక్క రోజులో చూడాలంటే

పొద్దున్నే సెంట్రల్ లో దిగారనుకోండి. జార్జి టౌను, కోట నడిచి చూసి, మౌంటు రోడ్డులో పోస్టాఫీసు దగ్గర ఆ పాత హాలు చూడండి. మధ్యాహ్నం టి.నగర్. అక్కడ విజయరాఘవ రోడ్డులోని ఆంధ్రా క్లబ్బు భోజనం మాట తెలుగువాడెవరు చెప్పినా చెప్తాడు. లోపలికి వెళ్ళాలంటే సభ్యుడెవరైనా తెలిసుండాలి. లేకపోతే చుట్టుపక్కల ఆంధ్రా మెస్సులు బోలెడు. తరవాత వడపళని. సెంట్రల్ నుంచి నేరుగా వెళ్ళాలన్నా మెట్రో ఉంది, వడపళని పేరుతోనే స్టేషను. స్టూడియోల్లోకి ఊరికే వెళ్ళనివ్వరు గాని, ఏ.వి.ఎం. మ్యూజియానికి టిక్కెట్టు కొని వెళ్ళొచ్చు. సాయంత్రం మైలాపూరు, శ్రీరాములు గారి స్మారక భవనం, ఆపైన మెరీనా. అక్టోబరు, నవంబరుల్లో వానలు దంచుతాయి. డిసెంబరు చివర, జనవరి అయితే చల్లగా ఉంటుంది, పైగా కచేరీలు. ఏప్రిల్, మే మాత్రం వద్దు బాబోయ్!

భాష రాదని భయపడకండి. మీరు తడబడుతూ తమిళం మొదలుపెట్టేలోపే అవతలివాడు తెలుగులో జవాబిచ్చినా ఇస్తాడు!

ఇంత దూరం ఇప్పట్లో వెళ్ళలేమంటారా? సరే, ఇంట్లోనే ఒక పని చేయండి. ఈసారి పాత సినిమా పెట్టుకున్నప్పుడు పేర్లు పడేచోట ముందుకి జరపకండి. నటీనటులు, సంగీతం, దర్శకత్వం అన్నీ పోయాక, చిన్న అక్షరాల్లో స్టూడియో పేరు వస్తుంది. దాని కింద ఊరి పేరు ఉంటుంది. ఒక్క క్షణం అక్కడ ఆపండి. అది మన సినిమా పాత చిరునామా!